పల్లెనుండి పార్లమెంటుకు
(ఢిల్లీ యాత్రకు బయలుదేరుచున్న నల్లగొండ ప్రాంత విద్యార్థులను, వారి తలిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



దూరయాత్రకు పోవువారిని ఊరి పొలిమేర వరకు సాగనంపుట మన పల్లెల ఆచారము. నేడీ బాలబాలికలు కాశీకిగాని, తిరుపతికిగాని పోవుటలేదు. దేశ పరిపాలనయు, దేశరక్షణయు ఎట్లు జరుగుచున్నవో కన్నులార చూచుటకు ఢిల్లీ పోవుచున్నారు. వీరిని సాగనంపుటకు వచ్చిన ఒక తల్లి, "ఢిల్లీ జూసొస్తే మా పిల్లకు ఏమొస్తది సారూ?" అని మమ్ము అడిగినది. ఆ ప్రశ్న సమంజసమైనది. రెక్కాడినగాని డొక్కాడని ఇంట ప్రతి రూపాయికిని లెక్క ఉండవలసినదే. ఆమెకు సమాధానము చెప్పుటయే నేటి మా ప్రసంగము.

విద్యార్థులారా! సికింద్రాబాదునుండి ఢిల్లీ పోవు మీ రైలు నాగపూరు మీదుగా పోవును. అచ్చట 'నీరి' అను కేంద్ర పరిశోధనా సంస్థ కలదు. ఆ సంస్థకును మన ఊళ్ళకును సంబంధ మున్నది. ఫ్లోరైడు నీరు త్రాగి నడుము వంగినవారిని, పండ్లు గారపట్టిన పిల్లలను మీ రెరుగుదురు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. అట్టి నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి, వడగట్టు పద్ధతిని 1970 దశకమున ఆ సంస్థవారు వ్యాప్తిలోనికి తెచ్చిరి. దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. ఆఫ్రికా ఖండమందలి దేశములలో సైతము నీటి నిపుణులు మన జిల్లా పేరుతోనే దానిని పిలుచుచున్నారు.

అయితే పద్ధతి కనిపెట్టినంతమాత్రమున రోగము పోలేదు. పటిక పాలు ప్రతిదినము సరిగా కలుపువారు, తొట్టెలను కనిపెట్టి చూచువారు ఊరిలో లేనిచో ఎంత మంచి పద్ధతియైనను నిలువదు. తరువాత కృష్ణాజలములు గొట్టములద్వారా పల్లెలకు చేరుటతో మేలు కలిగినది. కాని ఒకమారు వంగిన ఎముకలను ఏ ప్రభుత్వమును తిరిగి నిటారు చేయజాలదు. పల్లె కష్టము ప్రభుత్వమునకు ఎంత త్వరగా వినబడునో అంత మేలని దీనివలన మనము తెలిసికొనవలెను.

ఆ కష్టమును వినిపించు స్థలమే పార్లమెంటు. 1927లో ప్రారంభమైన గుండ్రని పాత భవనమునకు ఇప్పుడు సంవిధాన సదనమని పేరు. ఉభయసభలు 2023లో ప్రారంభమైన నూతన భవనమున సమావేశమగుచున్నవి. పాత భవనము ఎదుట నిలిచినపుడు ఒక సంగతి తలచుకొనుడు. భువనగిరి చెంత బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డిగారు మొదటి సాధారణ ఎన్నికలలో నల్లగొండనుండి పోటీచేసి, జవహర్‌లాల్ నెహ్రూగారికి వచ్చినవానికంటె ఎక్కువ ఓట్లు పొంది, 1952లో అచ్చట అడుగుపెట్టిరి. ఆ ఓట్లు వేసినది మన తాతలు, అవ్వలు.

లోక్‌సభలో ఉదయము 11 గంటలకు ప్రశ్నోత్తర సమయము మొదలగును. ఒక దినమునకు 20 ప్రశ్నలకు మించకుండ నక్షత్రపు గుర్తు వేయుదురు. సభలో పిలుపు వచ్చిన ప్రశ్నకు మంత్రి లేచి నోట జవాబు చెప్పవలెను. దానిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. ప్రశ్నకు కనీసము 15 దినములు ముందుగా నోటీసు ఇయ్యవలెను. సమావేశములున్న దినములలో పాసు పొందినవారు సందర్శకుల గ్యాలరీలో కూర్చుండి దీనిని చూడవచ్చును. అచ్చట మాటలాడరాదు, చప్పట్లు కొట్టరాదు, ఫోను తీసికొనిపోరాదు. సభలో కేకలు వినబడినచో నిరాశ చెందకుడు. ఆ కేకల నడుమనే ఏ ఊరి ప్రశ్నకు ఏ జవాబు వచ్చినదో చెవియొగ్గి వినుడు.

ఇక దేశరక్షణ సంగతి. రాజ్యాంగము 53వ అధికరణము ప్రకారము రక్షణదళముల సర్వోన్నత ఆధిపత్యము రాష్ట్రపతిది. దాని నిర్వహణ చట్టమునకు లోబడి ఉండును. సైన్యమునకు కావలసిన ద్రవ్యమును మంజూరు చేయునది లోక్‌సభ. ఆ సభ్యులను ఎన్నుకొనునది మనము. సరిహద్దున నిలిచిన జవాను చేతి తుపాకి వెనుక మన ఓటును, మనము కట్టు పన్నును ఉన్నవి.

2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకము ఇండియా గేటు చెంత కలదు. దానియందు నాలుగు చక్రములున్నవి. వానిలో త్యాగచక్రమందలి రాతి పలకలపై అమరవీరుల పేర్లు చెక్కబడినవి. అచ్చట కల్నల్ సంతోష్‌బాబుగారి పేరు వెదకుడు. మన పాత నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట వారి ఊరు. విజయనగరము చెంత కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16వ బిహార్ దళమునకు నాయకులై, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మరి 19 మంది జవానులతో పాటు ప్రాణములర్పించిరి. 2021లో వారికి మహావీరచక్రము ప్రకటింపబడినది. ఆ పేరు కనబడినచోట ఒక నిమిషము మౌనముగ నిలువుడు.

అమ్మా! తమ ప్రశ్నకు ఇప్పుడు వచ్చుచున్నాము. మన హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వైమానిక అకాడమీలో 2016 జూన్ 18న ముగ్గురు యువతులు యుద్ధ విమానములు నడుపు అధికారులుగ నియామకము పొందిరి. దేశమున ఆ పదవి స్త్రీలకు లభించుట అదియే మొదలు. పుణె చెంతగల జాతీయ రక్షణ అకాడమీ 2022లో బాలికలకు తలుపు తెరచినది. 2025 మే నెలలో 17 మంది యువతులు అచ్చట శిక్షణ ముగించిరి. ఇంటర్మీడియెటు చదువువారు ఆ ప్రవేశపరీక్ష వ్రాయవచ్చును. పరీక్ష ఏటికి రెండుమారులు జరుగును. విమాన, నౌకాదళములకు మాత్రము గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి యుండవలెను. తమ బిడ్డ అచ్చటికే పోవలెనని మేము చెప్పుటలేదు. ఆ దారి తనకును ఉన్నదని తెలియుటయే ఈ యాత్ర ఫలము.

విద్యార్థులారా! పోవునపుడు మీ ఊరివారిని అడిగి, వారి ప్రశ్న నొకదానిని నోటుపుస్తకములో వ్రాసికొని పొండు. అది ఏ శాఖ చూడవలసినదో, మన సభ్యుని ద్వారా ఎట్లు అడుగవలెనో తెలిసికొని రండు. వచ్చిన తరువాత గ్రామసభలో నిలిచి చూచినది చూచినట్లు చెప్పుడు. పొలిమేర వరకు వచ్చి సాగనంపినవారికి మీరు ఇయ్యవలసిన లెక్క అదియే.

క్షేమముగ పోయి లాభముగ రండు. జై హింద్!