దాగిన తప్పు



బోధను ప్రాంతమున చెఱకు పండించిన వారికి ఒక సంగతి చిరపరిచితము. కోసిన చెఱకు రెండు మూడు దినములు బండిమీద నిలిచినను పైకి బాగుగనే కనబడును. లోపల మాత్రము పంచదార విడివడి, పలుకు గట్టని చక్కెరలుగ మాఱుచుండును. 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును ఎఱిగిన మాకు, చెఱకు ఆలస్యమైన నష్టమేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. రసమును గానుగ కడనే పరీక్షించినచో లోపమునకు కారణము వెదకవచ్చును. బస్తాలు కుట్టిన పిదప ఎవరి చెఱకు ఎక్కడ చెడినదో ఎవ్వరును చెప్పజాలరు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు నేను ఈ నీతిని ఆలస్యముగ నేర్చితిని. నిజామాబాదులో ఒక పసుపు వర్తకుని లెక్కలకై ప్రోగ్రామొకటి వ్రాసి, తూకము నమోదుకాని బస్తా వచ్చినచో పని ఆగకుండ దానిని సున్నగ గ్రహించునట్లు చేసితిని. అది నిరాటంకముగ నడచెను, అందఱును మెచ్చిరి. రెండు మాసములైన పిదప ఒక వృద్ధరైతు చీటీ చేతబట్టుకొని వచ్చి, "బిడ్డా, నా ఏడు బస్తాల పసుపు ఏమాయె?" అని యడిగెను. అవి నా సున్నలలో మునిగియుండెను. అట్టివి మఱియెన్ని గలవో వెదకుటకు పదునైదు దినములు పట్టెను.

తెలియనిది వేఱు, సున్న వేఱు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడు, 99 మార్కులు వచ్చిన విద్యార్థినికి సున్న ప్రకటితమైనది. మూల్యాంకనము చేసినవారి చేతిలో దొరలిన పొరపాటు ఏ మెట్టునను పట్టువడక ఆమె యింటివఱకు చేరెను. ఆ ఫలితముల తరువాత పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. జవాబు పత్రములను తిరిగి పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. అనుమానింపదగిన అంకె కనబడగానే యంత్రము ఆగి, "దీనిని మనుష్యుడు చూడవలెను" అని చెప్పునట్లు వ్రాయుట కష్టమైన పని కాదు.

అట్లని ఒక బస్తాకై అంగడినంతయు నిలుపనక్కఱలేదు. ఆ యొక్కదానిని ప్రక్కనుంచి, ఏ బస్తా, ఏ రైతుది, ఏమి లోపించినది అని స్పష్టముగ చెప్పిన చాలును. నా ప్రోగ్రామును అట్లు తిరిగి వ్రాసితిని. మొదటి దినముననే అది పదునొకండు మాఱులు అడ్డు చెప్పగా వర్తకుడు విసుగుకొనెను. ప్రతిమాఱును బస్తాను మరల కాంటాకెత్తుటకు రెండు నిమిషములు పట్టెను. ఆ యేట చీటీ పట్టుకొని ఏ రైతును మా గుమ్మమునకు రాలేదు.