పెరట్లో పిల్లితేగ
(పెద్దాపురంలో మెట్ట రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కర్రపెండలం ధర గురించి మాట్లాడతామని వచ్చి ఉంటారు. అది భోజనాలయ్యాక. ముందు ఒక మొక్క సంగతి చెప్పాలి. ఈమధ్య మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు, "ఆస్పరాగస్ వేస్తే ఎకరానికి లక్షలంట, ఫోన్లో చూశాం, వెయ్యమంటారా?" అని. అడిగేవాళ్లలో ఎక్కువమంది కౌలు రైతులే. అందుకే ఇంత సమయం తీసుకుంటున్నాం.

ఆ పేరు కొత్తగా ఉంది గానీ దాని చుట్టం మన దగ్గరే ఉంది. మెట్ట కంచెల్లో, గుట్టల పక్క పొదల్లో వంకర ముళ్లతో పాకే సన్నాకు తీగ చూసే ఉంటారు. తెల్లటి చిన్న పూలు పూస్తే చుట్టుపక్కలంతా వాసన. తవ్వితే అడుగున దుంపలు గుత్తిగా, తేగల కట్టలా వస్తాయి. అదే పిల్లితేగ, పిల్లిపీచర, వైద్యులు చెప్పే శతావరి. దీనికి వాడేది దుంప. పట్నం హోటళ్లలో వడ్డించే ఆస్పరాగస్‌కి వాడేది నేలలోంచి లేచే మొలక. ఒకటే వంశం, పంటలు వేరు. ఫోన్లో ఒకదాని బొమ్మ చూపించి ఇంకోదాని ధర చెప్పేవాళ్లున్నారు, జాగ్రత్త.

మొలకల రకం చలిదేశాల మొక్క. అక్కడ చలికాలంలో పైనంతా ఎండిపోయి, వేరులో దాచుకున్న సత్తువతో ఎండలు రాగానే మొలకలు తన్నుకొస్తాయి. మనకా చలి లేదు. అలాగని పెరగదని కాదు. థాయిలాండ్, తైవాన్ రైతులు ప్రతి దుబ్బుకీ నాలుగైదు కాడలు కోయకుండా వదిలేస్తారు. వాటిని తల్లి కాడలనుకోండి. అవి ఆకుతో వేరుకి తిండి పెడుతుంటే, పక్కనుంచి లేచే మొలకలు కోసుకుంటారు. కాడ ముదిరితే తీసేసి కొత్తదాన్ని ఎదగనిస్తారు. మన పెరట్లో చేయదగ్గ పద్ధతి ఇదే.

విత్తనం ఒక రాత్రి నానబెట్టి సంచుల్లో వేయండి. మొలకెత్తడానికి మూడు వారాలైనా పడుతుంది, అది మొలవలేదని పారబోయకండి. మరిడమ్మ జాతర రోజుల్లో వానలు పట్టాక పెరట్లోకి మార్చవచ్చు. మాగిన పశువుల ఎరువు బాగా కలిపి, మొక్కకీ మొక్కకీ అడుగున్నర ఎడం ఇవ్వండి. మొదటి ఏడు ఒక్క మొలక కూడా కోయకూడదు. రెండో ఏడు కూడా చేతులు కట్టుకోవడమే మంచిది. మూడో ఏట జానెడు ఎత్తు లేచి, కొన విచ్చుకోకముందే నేలమట్టానికి కోయాలి. మొలకలు పెన్సిలు కన్నా సన్నబడ్డాయంటే వేరు అలిసిందన్నమాట. అక్కడ కత్తి ఆపాలి. ఇలా చూసుకుంటే చలిదేశాల్లో ఒకే దుబ్బు పదిహేనేళ్లు కాస్తుంది.

మేము చేసిన తప్పు కూడా చెబుతాం. మొదటిసారి నీళ్లకి దగ్గరని నూతి పక్క పల్లంలో వేశాం. అక్టోబరు వానకి రెండు రోజులు నీరు నిలిచింది. వారానికల్లా ఆకు పసుపెక్కింది, తవ్వి చూస్తే వేళ్లు పేస్టులా జారిపోయాయి. రెండోసారి ఎర్రమట్టి పోసి మోకాలెత్తు బోదె కట్టాం, ఇప్పుడు నిలబడ్డాయి. పిల్లితేగకీ అంతే, నీరు నిలిస్తే పోయినట్టే. దానికి పందిరో కంచో ఆసరా ఉండాలి. ఏడాదిన్నర, రెండేళ్లకి తవ్వి, కొంచెం ఉడకబెట్టి తొక్క వొలిచి ఎండబెట్టాలి. పది కిలోల పచ్చి దుంప ఎండితే కిలో మిగులుతుంది. ఈ లెక్క వీడియోల్లో చెప్పరు. తవ్వినప్పుడు మొదలు భాగం నాలుగు వేళ్లతో మళ్లీ పాతితే కొత్త మొక్క వస్తుంది.

మరి పొలంలో ఎందుకు వద్దంటున్నాం? ఈ పంట రెండేళ్లో మూడేళ్లో ఆగమంటుంది. కౌలు రైతుకి ఆగే హక్కు ఎక్కడుంది? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చిన కార్డుకే గడువు 11 నెలలు. కర్రపెండలమైతే ఆ గడువులో తవ్వుకుంటాం. మూడో ఏట కోసే పంటని ఆ చేలో వేస్తే, కోతకొచ్చే వేళకి చేను ఎవరి చేతిలో ఉంటుందో! భూమి ఉన్నవాళ్లకీ ఒక మాట. కొన్నేళ్ల కిందట మాలో కొందరు అరెకరం చొప్పున శతావరి వేశారు. మొక్కలు అమ్మినాయన దుంప కూడా తనే కొంటానన్నాడు, కాగితం రాయలేదు. తవ్వకం వేళకి ఆయన ఫోను పలకలేదు. మొక్కలు అమ్మినవాడి ఆదాయం నాటిన రోజే వచ్చేసింది, మన ఆదాయమే రెండేళ్లు వెనకబడింది.

ఇది మన ఊరి కథే అనుకోకండి. పెరూ దేశంలో ఇకా అని వాన పడని ఎడారి లోయ ఉంది. 1991లో అమెరికా ఒక చట్టం చేసి, కోకా సాగు తగ్గించడానికని పెరూ ఆస్పరాగస్‌కి సుంకం ఎత్తేసింది. పెద్ద కంపెనీలు లోతు బోర్లు వేసి ఎడారిలో వేల ఎకరాలు పండించి విమానాలకెక్కించాయి. భూగర్భ జలం దిగిపోయి చిన్న రైతుల బావులు ఎండాయి. అటు అమెరికాలో వాషింగ్టన్, మిషిగన్ రాష్ట్రాల రైతులు ధర కట్టక ఆ తోటలు దున్నేసుకున్నారు. మెట్టలో బోరు ఎన్ని అడుగులకి వెళ్లిందో మీకే తెలుసు.

పెరడు సంగతి వేరు. అది కౌలు కాదు, 11 నెలలకి ఖాళీ చేయమనేవాడు లేడు. సెంటు జాగాలో ఇరవై మొక్కలు, గిన్నెలు కడిగిన నీళ్లు చాలు. మొలకలు ఉల్లిపాయతో వేపుడు చేసుకోండి, మిగిలితే పక్కింటికివ్వండి. పిల్లితేగ దుంప బాలింతలకి పాలు పడతాయని మన ఇళ్లలో వాడుక ఉంది గానీ, వైద్యుణ్ణి అడిగే ఇవ్వండి. మూడేళ్లకి చేతికి పని తెలిసి, ధర కాగితం మీద రాసిచ్చే కొనుగోలుదారు దొరికితే, అప్పుడు సొంత భూమి ఉన్నవాళ్లు పది సెంట్లతో మొదలుపెట్టండి.

సంచుల్లో నారు పెంచి తెచ్చాం, వేపచెట్టు కింద పెట్టాం. ఇంటికి రెండు చొప్పున, ముందు అక్కచెల్లెళ్లు తీసుకోండి. భోజనాలయ్యాక కర్రపెండలం ధర మాట్లాడదాం, మిల్లు తూకం చీటీలు ఉన్నవాళ్లు అవి దగ్గర పెట్టుకుని కూర్చోండి.