కాన్పునాటి ప్రెషరు – నడివయసులో గుండె



మన ఇళ్ళలో తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. పసిబిడ్డతో, సారెతో అత్తవారింటికి వచ్చేస్తాం. ఆసుపత్రి కాగితాలు మాత్రం పుట్టింటి బీరువాలోనే ఉండిపోతాయి. ఇవాళ నేను మనవి చేయబోయేది ఆ కాగితాల సంగతే.

గర్భిణికి 20 వారాలు దాటాక రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉండి, మూత్రంలో ప్రోటీను పోతూంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ఒకోసారి ప్రోటీను పోకపోయినా కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. విడవని తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం దాని గుర్తులు. ముదిరి ఫిట్సు వస్తే అదే మన పెద్దవాళ్ళు చెప్పే గుర్రపువాతం. "కడుపుతో ఉన్నదానికి కాళ్ళకు నీరు రాదుటే?" అని తీసిపారేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నీరు చాలామందికి వస్తుంది, నిజమే. ప్రెషరు చూపించనిదే ఏది మామూలో ఏది కాదో ఎలా తెలుస్తుంది చెప్పండి?

మాయ పడిపోతే జబ్బూ పోయినట్టేనని అనుకుంటాం. చాలామందికి కొన్ని వారాల్లో ప్రెషరు దిగుతుంది కూడా. కాని కథ అక్కడితో అయిపోదు. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సమీక్షలో 34 లక్షలకు పైగా స్త్రీల వివరాలు కలిపి చూశారు. ఈ జబ్బు వచ్చినవారికి తరువాతి కాలంలో రక్తపోటు వచ్చే అవకాశం దాదాపు నాలుగు రెట్లు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం సుమారు రెండింతలు అని తేలింది. నెలలు నిండకముందే కాన్పు చేయవలసి వచ్చినవారికి ముప్పు ఇంకా ఎక్కువ. అందరికీ వస్తుందని కాదు, కంగారు పడకండి.

మా వీధిలో ఒకావిడకు 46వ ఏట మెట్లెక్కితే ఆయాసం, వీపులో నొప్పి. గ్యాసనుకుని సోడా తాగుతూ రెండు నెలలు గడిపింది. చివరికి డాక్టరు షుగరుందా అని అడిగారు, తండ్రికి గుండెజబ్బుందా అని అడిగారు. కాన్పుల మాట ఆయన అడగలేదు, ఈవిడకు చెప్పాలని తోచలేదు. ఎనిమిదో నెలలోనే ప్రెషరు పెరిగి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారన్నది, చూడవచ్చిన తల్లి నోట బయటపడింది. ఇరవై రెండేళ్ళ నాటి ముచ్చట! అప్పటికి గుండె రక్తనాళం ఒకటి బాగా పూడుకుపోయి ఉంది.

కాన్పులో ప్రెషరు వచ్చినవాళ్ళు ఏడాదికొకసారైనా ప్రెషరు చూపించుకోండి. షుగరు, కొలెస్టరాల్ ఎప్పుడెప్పుడు చూడాలో డాక్టరునడగండి. ఇంట్లో అందరికీ మందులు అమర్చిపెట్టి మన వంతు రేపటికి వాయిదా వేయడం మనకు బాగా అలవాటు. ఊరగాయ, అప్పడాలు కాస్త తగ్గించాలి. నాకూ కష్టమే లెండి! రోజూ ఒక అరగంట నడవాలి. ఇంటి చాకిరీ ఉందిగా అంటే చాలదు.

మీ అమ్మాయి గర్భవతి అయితే, మీకు ఈ జబ్బు వచ్చిందన్న సంగతి మూడోనెల లోపే ఆమె డాక్టరుకు చెప్పించండి. అవసరమనుకుంటే వారు చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. మనంతట మనం వేయకూడదు.

ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు బీరువా వెదకండి. కాగితాలు దొరక్కపోతే అమ్మనడిగి, ఏ సంవత్సరం, ఎన్నోనెలలో కాన్పు, ప్రెషరుకు మందు వాడారా, ఫిట్సు వచ్చాయా, బిడ్డ బరువెంత అన్నవి ఒక కాగితం మీద రాసి, మీ మందుల చీటీలతో పాటు పెట్టుకోండి.