బేగంపేట గుమ్మటాలు

డి.ఏ. బకాయిల గురించి కాకుండా నక్షత్రాల గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శి గారు కాస్త అనుమానంగానే చూశారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో బేగంపేట వైపు వెళ్లినప్పుడల్లా ఆ గుమ్మటాలు చూసి, ఎవరో నవాబు గారి సమాధి అనుకునేవాణ్ణి. అది నిజామియా వేధశాల. దానికి మూలపురుషుడు నవాబ్ జఫర్ జంగ్. 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో తన సొంత స్థలంలోనే వేధశాల నెలకొల్పారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా అనుమతితో ఆ పేరు పెట్టారు. 1907లో ఆయన పోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. చాట్‌వుడ్ దొర డైరెక్టరుగా వచ్చి బేగంపేటకు మార్చారు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి, చుక్కలన్నింటికీ పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో తీర్మానించారు. దేశదేశాల వేధశాలలు తలా ఒక భాగం పంచుకున్నాయి. చిలీ దేశపు సాంటియాగో వారు వదిలేసిన భాగం మన హైదరాబాదు తీసుకుంది. గాజు పలక మీద గళ్లుంటాయి. సూక్ష్మదర్శినిలో చూసి, ఏ చుక్క ఏ గడిలో ఎంత దూరాన ఉందో కొలిచి రాయాలి. ఇలా ఒకటి కాదు, రెండు కాదు, 7 లక్షల 60 వేలకు పైగా! పోకాక్ దొర 1914లో ప్రారంభించి 1918లో కన్నుమూస్తే, టి.పి. భాస్కరన్ గారు కొనసాగించారు. 12 సంపుటాలు. రిజిస్టర్లు నింపిన మనకే తెలుస్తుంది ఆ పని ఎంతటిదో. ఒక్క అంకె తప్పితే ఆడిట్ ఊరుకుంటుందా?

1919లోనే అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఊరు పెరిగి, దీపాల వెలుతురు ఎక్కువై, పరిశీలనలు రంగాపూర్‌కు తరలాయి. అక్కడ 1968లో 48 అంగుళాల టెలిస్కోపు వచ్చింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడే పరిశీలించారు. మేము మాత్రం తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చున్నాం లెండి.

బేగంపేట కట్టడం ఆలనాపాలనా లేక పాడుబడింది. దాన్ని బాగుచేసి, బడిపిల్లలకు చూపించమని ప్రభుత్వానికి అర్జీ పెడదాం. మరమ్మతు మన చేతుల్లో లేదు గానీ, అర్జీ రాయడంలో మనల్ని మించిన వాళ్లెవరు? ముసాయిదా తయారుచేసి తెచ్చాను, అదుగో ఆ బల్ల మీద ఉంది. కళ్లజోళ్లు తెచ్చుకున్నవారు ముందు వచ్చి సంతకాలు చేయండి.