తోక చూసి చేపను పట్టడం



పోయిన వారం మనం గోడకు ప్రపంచ పటం తగిలించి దేశాలు చూశాం కదా. అప్పుడు వెనక వరసలో కూచున్న ఒక పిన్ని నన్ను ఒక ప్రశ్న అడిగారు. "అమెరికాలో కూడా మనలాగ మోకాటి లోతు బురదనీళ్లలో చేపలు పట్టేవాళ్లు ఉంటారా అమ్మా? లేకపోతే అంతా మిషన్లేనా?" అని. నాకు జవాబు తెలియలేదు. తెలుసుకుని చెబుతానన్నాను. ఈ వారమంతా అదే చదివాను. చదివిందే చెబుతున్నాను. నేను అమెరికా వెళ్లలేదు, ఆ నీళ్లు చూడలేదు. నీళ్ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. తప్పు చెబితే మధ్యలోనే ఆపండి.

పటం దగ్గరికి రండి. ఇది అమెరికా. దీని కింది వైపు ఉన్న ఈ సముద్రాన్ని మెక్సికో సింధుశాఖ అంటారు. ఇక్కడ మిసిసిపీ అనే పెద్ద నది సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి ఎలా పాయలుగా చీలి కలుస్తుందో అదీ అలాగే. ఆ రాష్ట్రం పేరు లూసియానా. నది తెచ్చిన ఒండ్రుతో అక్కడ మైళ్ల కొద్దీ చిత్తడి నేల ఏర్పడింది. మనకు కోరంగి వైపు మడ చెట్లు ఉంటాయి. అక్కడ ఎక్కువగా గడ్డి. ఉప్పునీళ్లలో బతికే గడ్డి. దూరం నుంచి చూస్తే వరిచేనే అనుకుంటాం. గడ్డి మధ్యలో చిన్న చిన్న మడుగులు, వాటిని కలిపే కాలవలు ఉంటాయి. చాలా చోట్ల నీళ్లు మోకాటి లోతు కూడా ఉండవు.

ఆ నీళ్లలో ఒక చేప ఉంటుంది. పేరు రెడ్‌ఫిష్. అంటే ఎర్రచేప. నిజానికి ఎర్రగా ఉండదు. తోమిన రాగి చెంబు రంగులో ఉంటుంది. తోక మొదట్లో నల్లటి చుక్క ఉంటుంది, కన్ను పెట్టినట్టు. కొన్నిటికి రెండు మూడు చుక్కలు కూడా ఉంటాయి. పెద్ద చేప అది కన్నే అనుకుని తోక వైపు కరిస్తే, ఇది తప్పించుకుని పోతుందని కొందరు అంటారు.

ఇంకో పేరు రెడ్ డ్రమ్. డ్రమ్ అంటే డప్పు. పోతు చేప పొట్టలోని గాలితిత్తిని కండతో అదిలించి డబడబమని చప్పుడు చేస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో ఆడ చేపను అలా పిలుస్తుంది. ఇది వింటే మీకు ఎవరు గుర్తొచ్చారు? మన గొరక! పడవలో వేస్తే గుర్రు గుర్రుమంటుంది కదా. గొరక, కచిడి, ఈ ఎర్రచేప, అన్నీ ఒకే కుటుంబం. కచిడి ఒక్కటి పడితే లక్షలు పలికిందని పేపర్లో చదువుతుంటాం. ఆ ధర మాంసానికి కాదు, ఆ గాలితిత్తికే. గొరక తల తింటుంటే పంటికి తెల్లటి రాయి తగులుతుంది చూడండి, అది చెవిలోని రాయి. ఎర్రచేపకూ ఉంటుంది. దాన్ని కోసి లోపలి గీతలు లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. అలా లెక్కపెట్టి చూస్తే ఈ చేపల్లో 40 ఏళ్లు బతికినవి కూడా ఉన్నాయి. నా వయసు కంటే ఎక్కువ!

ఇప్పుడు పిన్ని అడిగిన సంగతికి వస్తాను.

ఎర్రచేప నోరు కొంచెం కిందికి తిరిగి ఉంటుంది. బురదలో పీతల్ని, రొయ్యల్ని వెతుక్కు తినడానికి అది వీలు. లోతు నీళ్లలో అయితే ఎంత వెతుక్కున్నా ఎవరికీ కనబడదు. కాని జానెడు, మూరెడు నీళ్లలో తల కిందికి పెడితే ఏమవుతుంది? తోక పైకి లేస్తుంది. నీళ్ల మీద తోక ఒక్కటే అటూ ఇటూ ఊగుతుంటుంది. ఎండలో మెరుస్తుంది. తోక అంచుకు నీలం రంగు ఉంటుంది. ఆ తోకను చూసే వాళ్లు చేపను పడతారు. వల విసిరి ఏది పడితే అది తీసుకోవడం కాదు. ముందు చేపను కళ్లతో చూడాలి. తరవాత ఆ చేపకే గాలం వెయ్యాలి.

తోకే కాదు, ఇంకా గుర్తులు ఉన్నాయి. చేప తల పెట్టిన చోట బురద పొగలా లేస్తుంది. చేప కదిలితే నీటి మీద నాగలి చాలులాగ గీత పడుతుంది. రొయ్యలు ఉన్నట్టుండి చిటపటమని పైకి ఎగిరితే, కింద ఏదో తరుముతోందని అర్థం. కొంగ ఊరికే నిలబడకుండా ఒడ్డు వెంట నడుస్తుంటే, దాని ముందు నీళ్లు చూడాలి. ఇవన్నీ మీకు కొత్త కాదని నాకు తెలుసు. రొయ్యల చిటపట సంగతి మీలో ఒక అక్కే నాకు మొదట చెప్పారు.

పడవ అడుగు చదునుగా ఉంటుంది. ఇంజను ఉంటుంది కాని, చేపలున్న చోట ఆపేస్తారు. ఇంజను పైన చిన్న మంచె కడతారు. ఒకరు ఆ మంచె ఎక్కి గెడ వేస్తారు. ఎత్తు మీద ఉంటే నీటి లోపలికి చూపు బాగా పోతుంది. ఇంకొకరు పడవ ముందు భాగంలో గాలం పట్టుకుని నిలబడతారు. ఆడవాళ్లు కూడా ఈ వేట చేస్తారు. మాటలు మెల్లిగా ఉండాలి. పడవలో డబ్బా కింద పడినా చాలు, చేప ఆ అదురు తెలుసుకుని పారిపోతుంది.

మంచె మీద మనిషికి చేప కనబడింది. గాలం మనిషికి కనబడలేదు. ఎటు ఉందో ఎలా చెప్పాలి? "అదిగో, అటు" అంటే ఎటు? అందుకని గడియారం లెక్కలో చెబుతారు. పడవ ముక్కు 12 గంటలు. కుడి చేతి వైపు 3 గంటలు. ఎడమ వైపు 9 గంటలు. "11 గంటలు, 40 అడుగులు" అన్నారనుకోండి, ముక్కుకు కొంచెం ఎడమగా, నలభై అడుగుల దూరంలో అని. ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషమైంది. పోయిన నెల మనం గడియారం నేర్చుకోవడానికి ఎంత అవస్థ పడ్డాం!

సూర్యుడు వీపు వైపు ఉండేట్టు చూసుకుంటారు. నీళ్ల మీద తళతళ కళ్లల్లో పడితే లోపల ఏమీ కనబడదు. దానికి ఒక రకం నల్ల కళ్లద్దాలు ఉన్నాయి. నీటి మీద తగిలి వచ్చే మెరుపును అవి చాలావరకు ఆపేస్తాయి. అప్పుడు నీటి అడుగు, దాని మీద కదిలే నీడ కనబడతాయి. నీళ్లను చూడకూడదట, నీళ్లలోంచి చూడాలట.

ఎర ఎక్కడ వెయ్యాలి? చేప నెత్తి మీద వేస్తే బెదిరిపోతుంది. పీత ఎక్కడైనా చేప మీదికి దూకుతుందా? పారిపోతుంది గాని. అందుకని చేప తలకు రెండు మూడు అడుగుల ముందు వేసి, దాని దారికి అడ్డంగా మెల్లిగా లాగుతారు. ఇంకో చిక్కుంది. గెడను నీళ్లలో ముంచితే విరిగినట్టు కనబడుతుంది కదా. చేప కూడా అంతే, ఉన్న లోతు కంటే పైకి కనబడుతుంది.

అదే దేశంలో తూర్పు తీరాన సౌత్ కరోలినా, జార్జియా అనే రాష్ట్రాలున్నాయి. అక్కడ పోటు చాలా ఎత్తు వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు గడ్డి చేలమీదికి ఎక్కుతాయి. ఆ గడ్డిలో చిన్న పీతలుంటాయి. పోతు పీతకు ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి చాలా పెద్దది. వాటి కోసం ఎర్రచేపలు గడ్డిలోకి వస్తాయి. వేటాడేవాళ్లు కాలినడకన దిగుతారు. పాటు మొదలైతే చేప వెళ్లిపోతుంది. ఆ కాసేపే వేట.

ఇక్కడిదాకా వింటే ముచ్చటగా ఉంది. ఇక తరవాతి సంగతి వినండి.

లూసియానాలో పాల్ ప్రుడోమ్ అని ఒక వంటాయన ఉండేవారు. పేద కౌలు రైతు ఇంట్లో 13 మంది పిల్లల్లో ఆఖరివాడు. 1979లో న్యూ ఆర్లియన్స్ పట్నంలో ఆయనా, ఆయన భార్యా కలిసి హోటల్ పెట్టారు. ఇద్దరి పేర్లూ కలిపి హోటల్‌కు పెట్టారు. అందులో ఎర్రచేప ముక్కను కరిగించిన వెన్నలో ముంచి, కారం, మసాలా దట్టంగా అద్ది, బాగా కాలిన ఇనప పెనం మీద నల్లగా మాడేలా వేయించేవారు. ఆ వంటకం 1980లలో దేశమంతా పాకిపోయింది. ఎక్కడ చూసినా ఎర్రచేపే కావాలన్నారు.

మడుగుల్లో ఉండేవి పిల్లచేపలు. మూడు నాలుగేళ్లు అక్కడ పెరిగి సముద్రంలోకి పోతాయి. గుడ్లు పెట్టేవి ఆ పెద్దవే. గుంపులుగా పైపైన తిరుగుతుంటే సముద్రం మీద రాగి మరకలా కనబడతాయి. వ్యాపారులు చిన్న విమానాలు ఎక్కి ఆకాశం నుంచి ఆ మరకను వెతికారు. కింద పెద్ద పడవలకు కబురు చెప్పారు. పడవలు గుంపు మొత్తానికి రింగు వల చుట్టాయి. రింగు వల అంటే మీకు నేను చెప్పక్కర్లేదు. 2022 జనవరిలో విశాఖపట్నంలో దాని మీదే మత్స్యకారుల మధ్య పెద్ద గొడవ అయింది.

చూశారా, అదీ కంటితో చూసి పట్టడమే. మంచె మీంచి చూస్తే ఒక చేప. విమానంలోంచి చూస్తే గుంపంతా.

1986లో కేంద్ర ప్రభుత్వం అడ్డుపడింది. కొద్దికాలానికే, తీరానికి దూరంగా ఉన్న నీళ్లలో ఈ చేపను పట్టడమే నిషేధించారు. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. ఇప్పుడు హోటళ్లలో వడ్డించే ఎర్రచేప ఎక్కువగా చెరువుల్లో పెంచిందే.

మంచి పనే జరిగింది. కాని నాకు ఒక్కటి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. విమానాలు పెట్టినవాళ్లతో ఆగలేదు. తీరం పక్కన చిన్న పడవ మీద బతికేవాళ్ల వలలు కూడా పోయాయి. మొప్పలు తగులుకునే వలలను ఫ్లోరిడా రాష్ట్రంలో 1994లో జనం ఓట్లు వేసి ఆపించారు. 1995లో లూసియానాలోనూ వాటి మీద చట్టం వచ్చింది. సరదాకు గాలం వేసేవాళ్లకు మాత్రం చేప మిగిలింది. పడవ నడిపి చేపను చూపించేవారికి వాళ్లు రోజుకు వందల డాలర్లు ఇస్తారు. వల మీద బతికినవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఏం వండారో నాకు ఎక్కడా చదవడానికి దొరకలేదు. చేపను కాపాడాలి, నిజమే. ఆ భారం అందరి మీదా సమానంగా పడిందని మాత్రం నేను అనలేను.

సరదాగా పట్టేవాళ్లకూ కొలత ఉంది. లూసియానాలో 2024 జూన్ 20 నుంచి కొత్త నియమం పెట్టారు. మనిషికి రోజుకు నాలుగు చేపలు. 18 అంగుళాల కంటే చిన్నది ఉంచుకోకూడదు. 27 అంగుళాలు దాటిందీ ఉంచుకోకూడదు. అంగుళాలంటే కంగారుపడకండి. మీ చెయ్యి చాపండి. జాన అంటే 9 అంగుళాలు. రెండు జానలు మూర. కాబట్టి రెండు జానల నుంచి మూడు జానల దాకా ఉన్నదే ఇంటికి. చిన్నది పెరగాలి. పెద్దది సముద్రంలోకి పోయి గుడ్లు పెట్టాలి. అంతకు ముందు పెద్దదాన్ని కూడా ఒకటి ఉంచుకోనిచ్చేవారు.

ఇప్పుడు ఎందుకు బిగించారు? అసలు వేటే లేకపోతే మడుగుల్లోంచి సముద్రంలోకి 100 చేపలు చేరతాయనుకోండి. వేట ఉన్నా కనీసం 30 చేరాలని వాళ్ల లెక్క. 2022లో చూస్తే అన్ని చేరడం లేదని తేలింది.

ఇంకో పెద్ద కష్టం ఉంది. మడుగులే పోతున్నాయి. నదికి రెండు వైపులా ఎత్తయిన గట్లు కట్టారు. ఒండ్రు నేల మీదికి రావడం మానేసింది. చమురు కోసం గడ్డి నేలల్ని కోసి కాలవలు తవ్వారు. వాటి వెంట ఉప్పునీళ్లు లోపలికి చొచ్చుకొచ్చాయి. నేల కుంగుతోంది, సముద్రం పెరుగుతోంది, తుపాన్లు కోస్తున్నాయి. 1932 నుంచి 2016 వరకు లూసియానా తీరంలో సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల నేల నీళ్లపాలయింది. గడ్డి విడిపోయేటప్పుడు ముందు అంచులు పెరుగుతాయి. అంచుల్లోనే రొయ్య, పీత ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు వేట బాగానే ఉన్నట్టు కనబడవచ్చు. గడ్డే లేకుండా పోయాక పిల్లచేప ఎక్కడ దాక్కుంటుంది?

ఇదే నేను చదివింది. పిన్నీ, మీరు అడిగినదానికి జవాబు: ఉంటారు.

ఇప్పుడు నా ప్రశ్న. పాటు దిగిన తరవాత బురదలో బొరియ చూసి, లోపల మండపీత ఉందో లేదో మీరు చెప్పేస్తారు. చెయ్యి పెట్టకుండానే! ఎలా చెబుతారు? వచ్చే బుధవారం మీరు చెప్పండి. నేను బోర్డు మీద రాస్తాను. ఎవరికి ఏ అక్షరం తప్పనిపిస్తే వాళ్లు వచ్చి దిద్దండి. ఆ రోజు టేపు కూడా తెస్తాను, అందరి జానలూ కొలుద్దాం.