పై ఆకాశమున రంగు మేఘములు: భయపడవలసినది ఎంత?

సూర్యుడస్తమించి చుక్కలు ఒక్కొక్కటిగా పొడసూపు వేళ నారింజరంగు మేఘమొకటి ఆకాశమున హఠాత్తుగా పుట్టి, మెలికలు తిరుగుచు సాగిపోయినచో, చూచువారికి మొదట ఆశ్చర్యమును, వెంటనే అనుమానమును కలుగుట సహజము. 1963 నవంబరు 21వ తేదీ సాయంకాలమున కేరళ తీరమందలి తుంబానుండి మన దేశపు మొదటి పరిశోధక రాకెట్టు పైకెగసినప్పుడు కనబడినది ఇట్టి మేఘమే. రాకెట్టు అమెరికా వారిచ్చిన నైకీ అపాచీ. అందులోని సోడియము ఆవిరి సామగ్రి ఫ్రాన్సు వారిది.

అటుపిమ్మట ఇట్టి మేఘములు పలు దేశముల ఆకాశములందు వెలసినవి. 2017 జూన్ 29న అమెరికా తూర్పు తీరమందలి వాలప్స్ కేంద్రమునుండి పోయిన రాకెట్టు పది చిన్న డబ్బాలను విడిచి, నీలహరిత వర్ణముతోను, ఎరుపు వర్ణముతోను మేఘములను పుట్టించెను. 2019 ఏప్రిల్ 5న నార్వే ఉత్తర భాగమున ఆండోయానుండి రెండు రాకెట్లు అటువంటి మేఘములనే విడిచెను. ఇట్టి మేఘమును చూచిన సామాన్యునికి కలుగు ప్రశ్న ఒక్కటే: ఆ పదార్థము మా చెరువులలో పడదా? మా పిల్లలు పీల్చు గాలిలో కలియదా?

ఈ ప్రశ్న వేయువారిని అజ్ఞానులని త్రోసిపుచ్చుట తగదు. ఇది అడుగవలసిన ప్రశ్నయే. అయితే సమాధానము తెలియవలెనన్న మూడు సంగతులను విచారింపవలెను: వదలినది ఏ పదార్థము, ఎంత, ఎక్కడ.

అసలు ఈ పని ఎందులకు? కళ్లములో తూర్పారబట్టు రైతు ముందుగా గుప్పెడు పొట్టును పైనుండి జారవిడిచి గాలివాటు చూచుకొనును. శాస్త్రజ్ఞులు చేయునదియు అంతే. భూమికి నూరు మొదలు రెండువందల కిలోమీటర్ల ఎత్తున వీచు గాలి కంటికి కానరాదు. బెలూనులు సుమారు 40 కిలోమీటర్లకు పైన ఎక్కుట అరుదు. 150 కిలోమీటర్లకు దిగువన ఉపగ్రహము ఎక్కువకాలము నిలువజాలదు. కావున రాకెట్టుతో ఆవిరిని వదలి, నేలమీద వేర్వేరు తావులనుండి ఛాయాచిత్రములు తీసి, ఆ మేఘము కదలికనుబట్టి గాలి వేగమును, దిశను గణింతురు. నేలమీద చీకటి పడినను అంత ఎత్తున ఇంకను ఎండ ఉండును. ఆ ఎండ తగిలి సోడియము నారింజరంగున వెలుగును. నడిరేయి ప్రయోగమునకు ట్రైమిథైల్ అల్యూమినియము అను ద్రవమును వాడుదురు. అది అక్కడి ఆమ్లజనితో కలిసి స్వయముగా వెలుగును. బేరియము ఎండలో విద్యుదావేశమును పొంది, భూమి అయస్కాంత రేఖల వెంబడి సాగి, కంటికి కానరాని ఆ రేఖలను చూపును. హ్రస్వతరంగముల కార్యక్రమములను దూరదేశములకు చేర్చునది ఈ పై పొరలే గనుక, రేడియో గల ప్రతి ఇంటికిని ఈ పరిశోధనతో సంబంధము కలదు.

ఇక పదార్థముల సంగతి. సోడియము మనకు క్రొత్త కాదు. మన ఉప్పులో ఉన్నదియు అదే. పైగా 90 కిలోమీటర్ల ప్రాంతమున ఉల్కల ధూళివలన ఏర్పడిన సోడియము పొర సహజముగనే కలదు. బేరియము మాట వేరు. నీటిలో కరగు బేరియము లవణములు విషపూరితములు. నీటిలో కరగని బేరియము సల్ఫేటునో, ఎక్స్‌రే తీయుటకు ముందు వైద్యులు రోగిచేత త్రాగింతురు. కావున ఒక పేరు వినినంతనే బెదరుటయు, పేరు విని నిశ్చింతగా నుండుటయు రెండును సరికావు. పరిమాణమును చూడవలెను.

ఒక లెక్క వేసి చూతము. రెండు కిలోగ్రాముల బేరియమును వదలిరనుకొందము. అది ఆ ఎత్తుననే ఉండక సమస్తమును నేలకు దిగినదనియు, నూరు కిలోమీటర్ల వ్యాసార్ధముగల వలయములో మాత్రమే పడినదనియు అనుకొందము. ఆ వలయపు వైశాల్యము 31,000 చదరపు కిలోమీటర్లకు పైబడును. అప్పుడు చదరపు కిలోమీటరునకు వచ్చునది సుమారు 64 మిల్లీగ్రాములు. ఎకరమునకు మిల్లీగ్రాములో నాలుగవ వంతు. వాస్తవమున అది అంతకన్న విశాలముగా వ్యాపించి, నిదానముగా దిగును. ఉల్కాధూళి రోజుకు టన్నుల కొలది భూమిపై చేరుచునే యున్నది. కావున ఇట్టి కొద్దిపాటి మేఘము వలన మన చెరువులకును, పైరులకును కీడు కలుగునని భయపడవలసిన పని లేదు.

అట్లని ప్రమాదమే లేదనరాదు. అది ఉన్నది నేలమీద. ట్రైమిథైల్ అల్యూమినియము గాలి తగిలినంతనే మండును. నీరు తగిలినచో తీవ్రముగా ప్రజ్వరిల్లును. దానిని నింపువారికి, మోయువారికి గండమే. రాకెట్టు ఖాళీ గొట్టములు క్రింద పడుట మరియొకటి. శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగిరినది. అట్టి కేంద్రములనుండి ప్రయోగము జరుగునపుడు, ఫలానా సముద్రభాగమునకు పోవలదని బెస్తవారికిని, ఓడలకును, విమానములకును ముందుగా హెచ్చరిక చేయుదురు. ఆ హెచ్చరికను పాటించుట ప్రాణరక్షణ. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన అపరిచిత లోహపు తునకను ముట్టక, పిల్లలను ముట్టనీయక, పోలీసు వారికి తెలుపుట మన విధి.

మరియొక సంగతి. పైకి పంపినదెల్ల హానిలేనిదని ఎవరును చెప్పజాలరు. 1963 మే మాసమున అమెరికా వారు రేడియో తరంగములను ప్రతిఫలింపజేయుటకు 48 కోట్ల సన్నని రాగి సూదులను కక్ష్యలోనికి పంపిరి. తమ పరిశీలనలకు ఆటంకమగునని ఖగోళజ్ఞులు ఆక్షేపించిరి. ఆ సూదులలో అధికభాగము క్రమముగా పడిపోయినను, ముద్దకట్టిన కొన్ని గుంపులు ఇంకను తిరుగుచునే యున్నవి. 1973 మే 14న స్కైలాబును మోసిన శాటర్న్ రాకెట్టు విడిచిన నీటియావిరి, ఉదజనులవలన అయనావరణమున విశాలమైన ప్రాంతమందు విద్యుత్కణములు కొన్ని గంటలసేపు బాగుగా తగ్గిపోయెను. నీటియావిరి విషము కాదు. అయినను చోటు మారినప్పుడు దాని పనియు మారును.

కావున మనము కోరవలసినది ప్రయోగములు మానుట కాదు, చాటి చేయుట. ఏ పదార్థమును, ఎంత, ఎప్పుడు, ఎక్కడ వదలుదురో జనులకు వారి భాషలో ముందుగా చెప్పవలెను. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక తొమ్మిదవ అధికరణము, ఇతర దేశముల పనులకు హానికరమైన ఆటంకము కలుగవచ్చునని తోచినచో ముందుగా వారితో సంప్రదింపవలెనని నిర్దేశించుచున్నది. దేశముల నడుమ పాటింపవలసిన ఈ మర్యాదను, ఆకాశము క్రింద నివసించు గ్రామస్థుల పట్లను పాటించుట న్యాయము. వాలప్స్ ప్రయోగమును ముందుగా ప్రకటించిరి. మబ్బులు మొదలగు కారణములచే అది పలుమార్లు వాయిదా పడెను. జనులు భయపడుటకు మారుగా వేకువనే లేచి ఎదురుచూచిరి. ఆండోయా మేఘములను చూచినవారిలో పలువురు అవి ఏమియో తెలియక కలవరపడిరి. రెంటిలోను వదలిన పదార్థములు ఇంచుమించు ఒక్క జాతివే. తేడా అంతయు ముందుగా తెలియుటలోనే ఉన్నది.

తెలియనిదానికి భయపడుట మానవ స్వభావము. తెలియజెప్పుట పరిశోధకుల బాధ్యత. అడిగి తెలిసికొనుట మన హక్కు.