తుపాను సీజన్: మన ఊరి లెక్క ఇక్కడ తిరగబడుతుంది

పాయింట్ కుక్ నుంచి మాట్లాడుతున్నా. మనకిక్కడ తుపాన్లు రావు. పోర్ట్ ఫిలిప్ బే మీద చలిగాలి కొడుతుంది, అంతే. మరి ఈ టాపిక్ ఎందుకంటే, మనవాళ్ళు చాలామంది పనుల కోసం క్వీన్స్‌లాండ్‌కీ డార్విన్‌కీ వెళ్తున్నారు. సెలవులకు ఫిజీ వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా అక్కడ తుపాను సీజన్. అమెరికా వైపు హరికేన్ అన్నా, ఇక్కడ సైక్లోన్ అన్నా వస్తువు ఒకటే.

కోస్తాలో పుట్టినవాళ్ళకి "తుపాన్లు మాకు కొత్తా?" అనే ధీమా ఉంటుంది. అక్కడే జాగ్రత్త పడాలి. భూమధ్యరేఖకి ఇవతల తుపాను తిరిగే దిక్కు మారిపోతుంది. బంగాళాఖాతంలో గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగితే, ఇక్కడ ముల్లుతో పాటే తిరుగుతుంది. దీనివల్ల ఏమవుతుందో చూడండి. మన తీరానికి తుపాను తూర్పు నుంచి వస్తే, కన్నుకి ఉత్తరం పక్కన గాలి సముద్రం మీంచి ఊరి మీదకి తోస్తుంది. ఉప్పెన ఆ పక్కనే. 1977 నవంబరు 19న తుపాను చీరాల వైపు తీరం దాటితే, దానికి ఉత్తరాన ఉన్న దివిసీమ మునిగింది. వేలమంది పోయారు.

క్వీన్స్‌లాండ్‌లో ఇది తలకిందులు. అక్కడ కన్నుకి దక్షిణం పక్క ప్రమాదం. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ బ్రిస్బేన్ వైపు వచ్చి, తీరం చేరేసరికి బలహీనపడింది. అయినా దక్షిణాన ఉన్న గోల్డ్ కోస్ట్ బీచుల్లో ఇసుక కోసుకుపోయింది. కాబట్టి "తుపాను ఉత్తరాన దాటుతోందట, మనం సేఫ్" అని అక్కడ అనుకోకండి.

దీవుల సంగతి ఇంకో రకం. దివిసీమ ముందు సముద్రం లోతు తక్కువ, అందుకే నీళ్ళు గుట్టలా లేచాయి. చాలా దీవుల చుట్టూ వెంటనే లోతు ఉంటుంది. అక్కడ ఉప్పెన అంత ఎత్తు లేవకపోవచ్చు గానీ, కెరటాలు బలం తగ్గకుండా ఒడ్డుదాకా వస్తాయి. పైగా దీవికి అన్ని పక్కలా సముద్రమే. కన్ను మీదికొస్తే గాలి ఆగిపోతుంది, ఎండ కూడా కాయొచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అప్పటిదాకా చాటుగా ఉన్న ఒడ్డే దెబ్బ తింటుంది. అందుకే గాలి ఆగిందని బయటికి రావద్దు, అధికారులు చెప్పాకే రండి. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ ఫిజీని కొట్టింది. కేటగిరీ 5. 44 మంది చనిపోయారు. కోరో దీవిలో ఊళ్ళకు ఊళ్ళే నేలమట్టమయ్యాయి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మన తెలుగువాళ్ళు చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళిన దేశం అది.

ఇంకో మాట. తుపాను వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే పెద్ద కెరటాలు ముందొచ్చేస్తాయి. ఆకాశం నీలంగా ఉంటుంది, గాలి ఉండదు, నీళ్ళు మాత్రం లోపలికి లాగేస్తాయి. ఎరుపు, పసుపు జెండాల మధ్యనే దిగండి. బీచ్ మూసేస్తే దిగనే వద్దు.

కేటగిరీ నంబరు చిన్నదని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అది గాలిని మాత్రమే చెప్తుంది, వానని కాదు. 2023 డిసెంబరు 13న జాస్పర్ కేటగిరీ 2గానే తీరం దాటింది. ఆ తర్వాత కొన్నిచోట్ల కొద్ది రోజుల్లోనే 2,000 మి.మీ. పైగా వాన కురిసి, కెయిర్న్స్ ఎయిర్‌పోర్టే మునిగింది.

ఇక హెచ్చరికలు. మన పోర్టుల్లో 1 నుంచి 11 దాకా నంబర్లు ఎగరేస్తారు. ఇక్కడ రెండు మాటలు గుర్తుంటే చాలు. 'వాచ్' అంటే ఈదురుగాలి 24 నుంచి 48 గంటల్లో రావొచ్చని. 'వార్నింగ్' అంటే 24 గంటల్లోపే. సైటులో పనంతా వాచ్ అప్పుడే అయిపోవాలి: స్కాఫోల్డింగ్ మీది గుడ్డ విప్పడం, షీట్లు, ప్లైవుడ్ కట్టేయడం, టవర్ క్రేను గాలివాటుకి తిరిగేలా వదలడం. వార్నింగ్ వచ్చాక రూఫ్ ఎక్కమంటే ఎక్కొద్దు. ప్రాణం మీదికొచ్చే పని ఆపే హక్కు చట్టంలోనే ఉంది. వీసా ఏదైనా సరే, ఆ హక్కు మీదే. మాట పడాల్సి వస్తుందని మొహమాటపడకండి. "ఇది సేఫ్ కాదు, ఆపుతున్నా" అని సూపర్‌వైజరుకి చెప్పండి, చెప్పిన టైము ఫోన్లో రాసుకోండి.

ప్రాణాపాయమైతే 000. ఇంటి కప్పు లేచినా, నీళ్ళొచ్చినా ఎస్‌ఈఎస్‌కి 132 500. పాస్‌పోర్టు, మందులు, ఛార్జరు, నాలుగు నీళ్ళ బాటిళ్ళు ఒకే బ్యాగులో పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ పోకముందే ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి, ఏ షెల్టరుకి వెళ్తున్నారో చెప్పండి. ఊళ్ళో అమ్మానాన్నలు టీవీ ముందే కూర్చుని ఉంటారు కదా.

ఉంటానండీ. ఉత్తరాన పనిచేసే మనవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపించండి.